మన మేనరికాలను లెక్కకెక్కించిన హాల్డేన్

మా తమ్ముడి కూతురు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చేరిన ఏడాది, దసరా సెలవులకు ఇంటికొచ్చి ఓ సంగతి చెప్పింది. వాళ్ళ కాలేజీలో ఒక ఇంగ్లీషు శాస్త్రవేత్త అస్థిపంజరం ఉందట. చనిపోయాక తన ఒంటిని ఆ కాలేజీ పిల్లల చదువుకే ఇవ్వమని ఆయన వీలునామా రాశాడట. పండగపూట ఇంట్లో ఆ మాటలేంటని అమ్మ కసురుకుంది. పిల్ల ఊరుకుంటేనా! ఆయన మన ఆంధ్రా మేనరికాల మీద పరిశోధన చేయించాడు తెలుసా అత్తా అని నా వెనకే వంటింట్లోకి వచ్చింది. మేనరికం అన్న మాట వినపడగానే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఇంట్లో ఆ మాటను మెల్లగా అనడం అప్పటికి చాలా ఏళ్ళ నుంచీ అలవాటు.

ఎందుకో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి. మాది నెల్లూరు జిల్లా, మైపాడు సముద్రానికి దగ్గరగా ఉండే పల్లె. అక్కను మా అమ్మ తమ్ముడికే, అంటే మా సొంత మేనమామకే ఇచ్చారు. కాబట్టి అక్కకు అవ్వే అత్తగారు. ఇంత సుఖం ఎవరికి దొరుకుతుందని ఊరంతా అన్నారు. మొదట ఆడపిల్ల. 1988లో, అక్కకు 24 ఏళ్ళప్పుడు మగపిల్లాడు పుట్టాడు. మెత్తగా, జీళ్ళపాకంలా జారిపోయే ఒళ్ళు, కాస్త పైకి లాగినట్టున్న కళ్ళు, అరచేతిలో అడ్డంగా ఒకే గీత. పాలు తాగడానికి ఆయాసపడేవాడు. చూపించిన చోట డాక్టరు (ఆసుపత్రి పేరెందుకులెండి) పిల్లాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, మేనరికమా అని ఒక్క మాట అడిగి, అవుననగానే చీటీ మడిచి ఇచ్చేశాడు.

ఆ ఒక్క ప్రశ్న మా ఇంటిని పదేళ్ళు కాల్చింది. గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకుందని కొందరు, నీళ్ళల్లో దోషమని కొందరు, కడుపుతో ఉండి పీతలు తినిందని కొందరు అన్నారు. వాటిని అక్క పట్టించుకోలేదు. మేనరికం అన్న మాటను మాత్రం డాక్టరే అన్నాడు గదా! తన కొడుక్కి మనవరాల్ని చేసుకుని పిల్లాడి బతుకు పాడుచేశానని అవ్వ కుమిలిపోయింది. 1993లో పోయేదాకా ఆ మాటే.

అందుకే ఆ హాల్డేన్ ఎవరో తెలుసుకోవాలనిపించింది. దొరికినవన్నీ చదివాను. ఇలాంటి మనిషి మన తీరానే ఆగిపోయాడా అని ఆశ్చర్యపోయాను.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరితిత్తుల గురించీ, గనుల్లో గాలి గురించీ పరిశోధించిన పెద్ద శాస్త్రవేత్త. ఆ తండ్రి తీరు మనలాంటి తల్లులకు ఒళ్ళు మండించేదే. పిల్లాణ్ణి బొగ్గుగనిలోకి తీసుకెళ్ళి, విషవాయువు ఉన్న చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం ఒకటి అప్పజెప్పమన్నాడట. కాసేపటికి పిల్లాడు కాళ్ళు తేలిపోయి కూలబడ్డాడు. ఆ వాయువు తేలిక, పైకప్పు దగ్గరే తేలుతుంది, నేల దగ్గర గాలి మంచిదే అని అలా నేర్పాడన్నమాట. పెద్దయ్యాక కొడుకు ఆ కథను నవ్వుతూనే చెప్పుకునేవాడు. వాళ్ళమ్మ ఏమందో నాకెక్కడా కనబడలేదు.

ఆయనకు ఒక చెల్లెలు, నయోమి. తర్వాత నయోమి మిచిసన్‌గా పేరు మోసిన రచయిత్రి అయింది, నూట ఒక్క ఏళ్ళు బతికింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఇంటి పెరట్లో గినీ పందుల్నీ, తర్వాత ఎలుకల్నీ పెంచి, ఏ రంగు తల్లిదండ్రులకు ఏ రంగు పిల్లలు పుట్టాయో రాసుకునేవాళ్ళు. రెండు లక్షణాలు ఒకదానికొకటి కట్టేసినట్టు కలిసే వంశంలో దిగుతాయని ఎలుకల్లో చూపించిన వ్యాసం 1915లో అచ్చయింది. దాన్లో చెల్లెలి పేరు కూడా ఉంది. అప్పటికి ఆయన యుద్ధంలో ఉన్నాడు. ఫ్రాన్సులోనూ, మెసొపొటేమియాలోనూ పోరాడి, గాయపడి, కోలుకోవడానికి మన దేశానికే వచ్చాడు. ఇక్కడి మనుషులతో సమానంగా మెలిగే రోజు వచ్చాకే మళ్ళీ రావాలని అప్పుడే అనుకున్నాడంటారు. ఆ రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

1923లో కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ చెప్పడానికి చేరాడు. అక్కడ షార్లెట్ అనే పత్రికా రచయిత్రితో ప్రేమ. ఆవిడ అప్పటికే ఇంకొకరి భార్య. విడాకుల కేసు పేపర్లకెక్కింది, యూనివర్సిటీ వాళ్ళు నీతి తప్పాడని ఉద్యోగం తీసేశారు. ఆయన అప్పీలు చేసి గెలిచి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. 1926లో వాళ్ళ పెళ్ళి అయింది. తర్వాత అదీ విడిపోయి, 1945లో తన శిష్యురాలు, జీవశాస్త్రవేత్త హెలెన్ స్పర్వేను చేసుకున్నాడు. ఏ పెళ్ళిలోనూ పిల్లలు కలగలేదు. వంశాల లెక్కలు జీవితమంతా కట్టిన మనిషికి తన వంశం తనతోనే ఆగింది.

ఎలుకల మీదో కుందేళ్ళ మీదో ఆగకుండా తన మీదే ప్రయోగాలు చేసుకోవడం తండ్రి దగ్గర అబ్బిన గుణం. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడ్డానికి రసాయనాలు తాగాడు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయాక, నీళ్ళ ఒత్తిడిలో మనిషి ఎంత తట్టుకుంటాడో తేల్చడానికి ఇనప గదిలో కూర్చుని మూర్ఛలు తెచ్చుకున్నాడు, వెన్నెముక దెబ్బతింది. ఇలాంటి మొగుణ్ణి కాపాడుకోవడం ఏ ఆడదానికైనా కష్టమే మరి.

నేను ఆగి ఆగి చదివింది మాత్రం లండన్ సంగతులు. 1933 నుంచి ఆయన లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం ప్రొఫెసరు. మగపిల్లలకు రక్తం గడ్డకట్టని జబ్బు, హీమోఫీలియా, తల్లి వైపు నుంచి దిగుతుంది కదా. అది, రంగులు గుర్తుపట్టలేని లోపం, రెండూ ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్నాయని 1937లో జూలియా బెల్‌తో కలిసి చూపించాడు. ఈ జూలియా బెల్ కేంబ్రిడ్జిలో గణితం పరీక్ష రాసినా, ఆడవాళ్ళకు అక్కడ డిగ్రీ ఇవ్వరు కాబట్టి డబ్లిన్ వెళ్ళి పట్టా తెచ్చుకున్న మనిషి. 1947లో హాల్డేన్ ఇంకో అడుగు వేశాడు. తల్లి మోసుకొచ్చిందని అందరూ అనుకునే ఆ దోషం మొదట పుట్టేది ఎక్కువగా మగవాళ్ళ వైపే అని లెక్క తేల్చాడు. అంటే తల్లి మోసిందే గానీ, మొదలు చాలాసార్లు ఆమె తండ్రి దగ్గరుంటుంది. ఈ పేజీని నేను మా అక్కకు చదివి వినిపించాను.

అదే కాలేజీకి 1945లో లయొనెల్ పెన్‌రోజ్ వచ్చాడు. 2020లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రోజర్ పెన్‌రోజ్ ఈయన కొడుకే. ఇక్కడ మా బుజ్జిగాడి కథ తగులుతుంది. వాడికున్నది డౌన్ సిండ్రోమ్. డౌన్ అంటే కిందిస్థాయి అని నేను చాలాకాలం అనుకున్నాను, కాదు, 1866లో ఆ లక్షణాలను రాసిన డాక్టరు ఇంటిపేరు అది. జాన్ లాంగ్డన్ డౌన్. ఆయన తల్లిదండ్రుల క్షయ వల్ల ఇది వస్తుందనుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు, అన్నీ తల్లి మెడకే చుట్టుకునేవి. అరచేతిలో ఆ ఒక్క గీత గురించి రాసింది డౌన్ కొడుకు. ఆ కొడుక్కి 1905లో పుట్టిన బిడ్డ కూడా ఇలాంటి బిడ్డే. ఎవరింట్లో ఎవరు పుడతారో!

పెన్‌రోజ్ 1933లో ఈ పిల్లల కుటుంబాలను పరిశీలించి, తండ్రి వయసు కాదు, ఎన్నో కాన్పు అన్నదీ కాదు, కాన్పునాటికి తల్లి వయసే అసలు సంగతి అని విడదీసి చూపించాడు. ఎందుకో మాత్రం అప్పుడు తెలియదు. 1959లో పారిస్‌లో లెజూన్, మార్త్ గోతియే, తుర్పాన్ ఈ పిల్లల కణాల్లో 46 బదులు 47 క్రోమోజోములున్నాయని ప్రకటించారు. కణాలను పెంచే కష్టమంతా పడింది మార్త్ గోతియే అనే డాక్టరమ్మ. కీర్తి మాత్రం చాలా ఏళ్ళు వేరేవాళ్ళకే పోయింది.

అప్పటికి హాల్డేన్ లండన్‌లో లేడు. సూయజ్ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసనగా దేశం విడుస్తున్నానని చెప్పి, 1957లో మహలనోబిస్ పిలుపు మీద కలకత్తా వచ్చేశాడు. లాల్చీ పైజమా, శాకాహారం. 1961లో భారత పౌరుడయ్యాడు. ఖరీదైన యంత్రాలు లేకపోతేనేం, చూడ్డానికీ లెక్కపెట్టడానికీ ఈ దేశంలో ఎంత ఉందో అనేవాడు. ఆయనకు ఉత్తరం రాసి శిష్యుడైన కుర్రాడు మన పిఠాపురం వాడు, ద్రోణంరాజు కృష్ణారావు. మగవాళ్ళ చెవుల మీద మొలిచే వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే దిగుతాయా అని ఆంధ్రాలో ఇంటింటి వంశవృక్షాలు గీశాడు. (తర్వాతి పరిశోధనలు ఆ సిద్ధాంతాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు.) అంతకన్నా పెద్ద పని మేనరికాలది. హాల్డేన్ దృష్టిలో దక్షిణాది పెళ్ళిళ్ళు ప్రపంచానికే ఒక పెద్ద పాఠం. యూరప్‌లో మేనమామ, మేనకోడలు పెళ్ళంటే పాపం, మనకు అది హక్కు. ద్రోణంరాజు, డాక్టర్ పి. మీరా ఖాన్ కలిసి ఆంధ్రాలో ఈ పెళ్ళిళ్ళు ఎన్ని, వాటిలో పిల్లలెలా ఉన్నారు అని లెక్కలు తీసి 1960లోనూ, 1963లోనూ వ్యాసాలు రాశారు. మన అవ్వల తరం సంబంధాలు శాస్త్రం పుస్తకాల్లోకి అలా ఎక్కాయి.

మేనరికంలో అసలు ప్రమాదమేమిటో నాకు అర్థమైన తీరులో చెప్తాను. మాది వలలల్లే ఊరు. మనలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. రెండు వలలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు. ఒకదాంట్లో చిరుగున్నా రెండోది ఆపుతుంది, చేప పోదు. ప్రతి మనిషిలోనూ అలాంటి చిరుగులు కొన్ని ఉంటాయి. బయటి సంబంధమైతే ఇద్దరి చిరుగులూ ఒకే చోట పడడం అరుదు. ఒకే తాత నుంచి వచ్చిన రెండు వలలైతే చిరుగు రెండింటిలోనూ అదే చోట ఉండొచ్చు. పుట్టుకతో చెవుడు, కొన్ని రక్తం జబ్బులు, శరీరంలో రసాయనాల తేడాలు ఇలా బయటపడతాయి. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్ళాడితే బిడ్డకు ఒక జన్యువులో రెండు ప్రతులూ ఒకే పూర్వికుడివి అయ్యే అవకాశం 16లో ఒకటి. మేనమామను చేసుకుంటే 8లో ఒకటి. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఏదో లోపం ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల పెళ్ళిళ్ళలో దానికి ఇంకో రెండు మూడు కలుస్తాయి, మేనమామ పెళ్ళిలో ఇంకొంచెం ఎక్కువ. తీసిపారేయాల్సిన అంకె కాదు, అలాగని ప్రతి ఇంట్లోనూ జరిగేదీ కాదు.

డౌన్ సిండ్రోమ్ ఈ లెక్కలోకి రాదు. ఇది చిరుగు కాదు. డబ్బాలో అప్పడాలు ఎక్కువ రోజులుంటే రెండు అంటుకుపోయి, ఒకటి తీద్దామంటే రెండూ వచ్చేస్తాయి చూశారా, అలాంటిది. అండం తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోము జత విడిపోకుండా రెండూ ఒకే అండంలోకి వస్తాయి, తండ్రిది ఒకటి కలిసి మూడవుతాయి. నూటికి తొంభై కేసుల్లో ఆ అదనపుది అమ్మ వైపుదే. ఇందులో అమ్మ చేసిందేమీ లేదు. అక్క మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే అక్కలోని అండాలన్నీ తయారై, సగం పనిలో ఆగి, విడుదలయ్యే నెలదాకా అలాగే ఎదురుచూస్తాయి. వయసు పెరిగేకొద్దీ అంటుకోవడం ఎక్కువ. 25 లోపు తల్లులకు సుమారు 1,400 కాన్పుల్లో ఒకటి, 35కు సుమారు 350లో ఒకటి, 40కి వందలో ఒకటి, 45కు ముప్ఫైలో ఒకటి. మన దగ్గర కాన్పులు ఎక్కువగా చిన్న వయసులోనే కాబట్టి, ఈ పిల్లల్లో చాలామందిని కన్నది పడుచు తల్లులే. మా అక్కలాగా.

1996లో మేం అక్కనూ బుజ్జినీ చెన్నై తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయించాం. విడిగా ఉన్న మూడో 21, మేనరికంతో సంబంధం లేదు అని డాక్టరమ్మ చెప్పింది. నూటికి మూడు నాలుగు కేసుల్లో ఆ ముక్క ఇంకో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుందట. అప్పుడు మాత్రం తల్లిదండ్రులకూ పరీక్ష చేయాలి, ఎందుకంటే అది ఇద్దరిలో ఒకరి నుంచి దిగి ఉండొచ్చు, తర్వాతి కాన్పులోనూ రావచ్చు. అక్క బస్సులో నెల్లూరు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక, ఈ కాగితం అవ్వకు చూపించలేకపోయామే అని ఒక్కసారి ఏడ్చింది.

నీళ్ళూ గాలీ సంగతి కూడా అడిగాం. మా జిల్లా నీళ్ళ మీద అందరికీ అనుమానమే. పాత నెల్లూరు జిల్లాలోని మెట్ట ప్రాంతాల్లో ఫ్లోరైడు ఎముకలను వంచేస్తోందని 1937లోనే డాక్టర్లు రాశారు. ఫ్లోరైడుకూ డౌన్ సిండ్రోమ్‌కూ లంకె ఉందని 1950లలో అమెరికాలో ఒకాయన అన్నాడు గానీ, తర్వాతి పరిశీలనల్లో అది నిలబడలేదు. కేరళ తీరంలో నల్లఇసుక రేడియేషన్ ఉన్న పల్లెల్లో ఈ పిల్లలు ఎక్కువని 1976లో ఒక పరిశోధన వచ్చింది. పోల్చిన ఊళ్ళల్లో అసలు ఒక్క కేసూ లేకపోవడమేంటని దాని మీదా అభ్యంతరాలు లేచాయి. సిగరెట్టు, మందు, పురుగుమందులు అన్నీ వెతికారు. తల్లి వయసులాగా గట్టిగా తేలిందేదీ లేదు. రొయ్యల గుంటలు వచ్చాక మా ఊళ్ళో వాటినీ అన్నారు. బుజ్జి పుట్టేనాటికి మా ఊళ్ళో గుంటలే లేవు! ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం కడుపు రాకముందు నుంచే వేసుకోవాలి. దాన్ని మనకిచ్చిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అది బిడ్డ వెన్నెముక, మెదడు లోపాలను చాలావరకు ఆపుతుంది. డౌన్‌ను ఆపుతుందని మాత్రం రుజువు లేదు. ఇప్పుడైతే 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగు, రక్తపరీక్షలతో అవకాశం ఎంతో ముందే అంచనా కడతారు.

హాల్డేన్‌ను దేవుణ్ణి చేయబోవడం లేదు. కమ్యూనిస్టు పార్టీ మీద అభిమానంతో, రష్యాలో జన్యుశాస్త్రాన్నే అణగదొక్కిన లైసెంకోను చాలాకాలం గట్టిగా తప్పుపట్టలేదు. కోపిష్టి. కలకత్తాలో మహలనోబిస్‌తోనూ పడక 1961లో బయటికొచ్చేశాడు. కానీ జర్మనీ 1933లో లోపాలున్నవాళ్ళకు బలవంతపు ఆపరేషన్లు చట్టం చేసినప్పుడు, మన దేశాల్లోనూ అలా చేయాలని పెద్ద పెద్దవాళ్ళు అంటున్నప్పుడు, లెక్కలు వేసి దాన్ని ఎదిరించాడు. దాగి ఉన్న చిరుగులు అందరిలోనూ ఉంటాయి, కొందర్ని పట్టి కోసినందువల్ల అవి పోవని 1938లో పుస్తకమే రాశాడు.

1962లో బిజూ పట్నాయక్ పిలిస్తే భువనేశ్వర్ వెళ్ళి అక్కడ పరిశోధనశాల పెట్టాడు. రెండేళ్ళే. పేగు క్యాన్సర్ వచ్చింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆ జబ్బు మీద హాస్యంగా పద్యం రాసి, తన సంస్మరణ ప్రసంగాన్ని తనే టీవీకి రికార్డు చేసి ఇచ్చి తిరిగొచ్చాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన శరీరం చదువుకే పోవాలనుకున్నాడు. అప్పటికి ఆరేళ్ళ వయసున్న కాకినాడ కాలేజీకి ఆయన్ను చేర్చారు. పిఠాపురానికి కూతవేటు దూరం.

2008లో మా అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నాం. తమ్ముడు అలా ఉన్నాడని రెండు సంబంధాలు వెనక్కిపోయాయి. చెన్నై కాగితం జిరాక్సు తీసి పంపాల్సొచ్చింది. మూడోది ఎవరనుకున్నారు? మేనరికం వల్లే మీ పిల్లాడిలా అయ్యాడని పదేళ్ళు దెప్పిన మా దూరపు పెదమ్మే, తన మనవడికి అడిగింది. అదీ మేనరికమే! బుజ్జిది మేనరికం వల్ల కాదని ఇన్నాళ్ళూ వాదించిన అక్క ఈ సంబంధం మాత్రం వద్దంది. మేనమామకు పుట్టిన పిల్ల, మళ్ళీ దగ్గర చుట్టరికమా అంది. పెదమ్మకు ఆ తేడా ఎంత చెప్పినా ఎక్కలేదు, ఇప్పటికీ మాటల్లేవు.

పెళ్ళి బయటి సంబంధంతోనే కావలిలో జరిగింది. అక్షింతల పళ్ళెం పట్టుకుని పందిరంతా తిరిగింది బుజ్జిగాడే. వేసినవాళ్ళతోనే మళ్ళీ మళ్ళీ వేయించాడు. పురోహితుడు విసుక్కుంటే మా మామ ఇంకో దోసెడు బియ్యం తెచ్చి పళ్ళెంలో పోశాడు.